70 మార్కులు, 50 సంతకాలు: మా ఊరి ట్విన్నింగ్ గ్రాంట్ విషయంలో నా అనుభవం

నేనుండేది జర్మనీలో ఒక చిన్న ఊర్లో. దీనికి ఫ్రాన్స్‌లో ఒక జంట ఊరు ఉంది, సిస్టర్ సిటీ అంటాం కదా అదే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక రెండు దేశాల జనాన్ని కలపాలని మొదలుపెట్టారు, మొట్టమొదట 1950లో జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్, ఫ్రాన్స్‌లోని మోంబెలియార్ కలిశాయి, ఇప్పుడు అలాంటి జంటలు 2000 పైనే. ఈ రాకపోకలు చూసుకునే మా సంఘంలో చాలామంది పెద్దవాళ్ళు, కంప్యూటర్ పని అనగానే నా వైపు చూస్తారు, అలా యూరోపియన్ యూనియన్ గ్రాంట్ అప్లికేషన్ నాకొచ్చింది.

ప్రోగ్రామ్ పేరు సిటిజన్స్, ఈక్వాలిటీ, రైట్స్ అండ్ వాల్యూస్. 2021 నుంచి 2027 దాకా సుమారు 155 కోట్ల యూరోలు. అందులో ఇలా ఊళ్ళ మధ్య రాకపోకలకి ఇచ్చేది చిన్న వాటానే, ఒక్కో ప్రాజెక్టుకి ఎక్కువలో ఎక్కువ 50,745 యూరోలు. బస్సు బిల్లు, భోజనాల బిల్లు ఏమీ పంపక్కర్లేదు, ఎంతమంది పాల్గొన్నారో దాన్ని బట్టి ఇస్తారు. కనీసం 50 మంది ఉండాలి, అందులో 25 మంది అవతలి దేశం నుంచి వచ్చినవాళ్ళు అయ్యుండాలి.

మొదటిసారి ఫెయిలయ్యాం. 100కి 70 రావాలి, మాకు 64 వచ్చాయి. కామెంట్లు చదివితే బాధేసింది కానీ నిజమే రాశారు, మేం రాసింది ఊరు చూపించడం, విందు, పాటల కచేరీ, ఇందులో పౌరులుగా కలిసి ఆలోచించేది ఎక్కడుంది అని. మొత్తంలో ఒక్క రిలవెన్స్‌కే, అంటే ప్రోగ్రామ్ ఉద్దేశానికి ప్రాజెక్టు ఎంత సరిపోతుంది అనేదానికే, 40 మార్కులు, మేం పోగొట్టుకున్నది అక్కడే.

రెండోసారి ముందు ఏం మాట్లాడుకోవాలో తేల్చుకున్నాం, ఊరు తిప్పడం సంగతి తర్వాత. 2024 జూన్‌లో యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో జర్మనీలో 16 ఏళ్ళ పిల్లలు మొదటిసారి ఓటేశారు, ఫ్రాన్స్‌లో మాత్రం 18 నిండాల్సిందే, మరి రెండు ఊళ్ళ పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టి దీని మీదే ఎందుకు మాట్లాడించకూడదు అనుకున్నాం, ఇంక అప్లికేషన్ దానంతట అదే కదిలింది. పిల్లలుంటారు కాబట్టి వాళ్ళ రక్షణకి సంఘం పాలసీ ఒకటి రాసి వెబ్‌సైట్లో పెట్టాలి, అది రాయడానికే రెండు వారాలు పట్టింది, అయినా ఇది ఉండాల్సిన రూలే అని నా అభిప్రాయం.

అప్లికేషన్ పంపే పోర్టల్‌లో సంఘాన్ని గుర్తించడానికి పిక్ అని ఒక నంబర్ ఉంటుంది. మాకు తెలీకుండా రెండు నంబర్లున్నాయి, పాతదాని లాగిన్ ఎప్పుడో మానేసిన వాళ్ళ పేరు మీద ఉంది! గడువు బ్రస్సెల్స్ టైమ్ సాయంత్రం 5 గంటలు, మేం 3:40కి పంపాం. మీరెవరైనా చేస్తుంటే నంబర్ సంగతి నెల ముందే చూసుకోండి. ఇంగ్లీషులోనే రాయాలని కూడా లేదు, యూనియన్ అధికార భాషల్లో ఏదైనా పర్లేదు, మేం జర్మన్‌లో రాశాం.

ఈసారి 81 వచ్చాయి. ఫ్రాన్స్ నుంచి 31 మంది వచ్చారు. ప్రతి సెషన్‌కీ సంతకాల కాగితం పట్టుకుని తిరిగింది నేనే, ఎందుకంటే మనుషులు తగ్గితే డబ్బూ తగ్గుతుంది.

చర్చలో ఒక విషయం చాలామందికి తెలీదు, యూనియన్‌లో ఏ దేశం వాళ్ళైనా ఇంకో సభ్య దేశంలో ఉంటే అక్కడి మున్సిపల్ ఎన్నికల్లో ఓటేయొచ్చు, మాస్ట్రిక్ట్ ఒప్పందంతో వచ్చిన హక్కు అది. అప్పుడు ఒక ఫ్రెంచ్ అమ్మాయి, 17 ఏళ్ళుంటాయి, మరి మీరెక్కడ ఓటేస్తారు అని నన్నడిగింది. నాది ఇండియా పాస్‌పోర్ట్, ఇక్కడ మున్సిపల్ ఓటు కూడా లేదు. మా ఊరు తెనాలి దగ్గర, ఓటేయాలంటే మనిషి అక్కడికి వెళ్ళాల్సిందే, 2024 మే 13న పోలింగ్‌కి సెలవు దొరక్క వెళ్ళలేకపోయాను అని చెప్పాను. తను చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఆ మాట తన గ్రూపు చార్టు మీద రాసి గోడకి అంటించింది.