బత్తాయి మీద బొట్టుబిళ్ళ

మొన్న శనివారం గుంటూరు బ్రాడీపేటలో పిన్ని వాళ్ళింట్లో లాప్‌టాప్ ముందు తల పట్టుక్కూర్చుంటే, "ఏరా, సెలవు రోజు కూడా ఆఫీసు పనేనా" అంది. కాదు పిన్నీ, నక్షత్రం అన్నా.

న్యూట్రాన్ నక్షత్రం, అంటే పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే గట్టి ముద్ద. సూర్యుడికన్నా ఎక్కువ బరువు, కానీ ఈ కొస నుంచి ఆ కొసకి పాతిక కిలోమీటర్లే, ఇక్కణ్ణుంచి బయల్దేరితే బెజవాడ చేరకముందే అయిపోతుంది. నేను లెక్కకి ఎంచుకున్న దాని పేరు జె0030+0451, సెకనుకి 205 సార్లు తిరుగుతుంది. దాని మీద అయస్కాంత ధ్రువాల దగ్గర పదిలక్షల డిగ్రీలు దాటిన వేడి మచ్చలుంటాయి. అవి తిరుగుతుంటే మనకి అందే ఎక్స్‌రే కాంతి ఎలా పెరుగుతుందో, ఎలా తగ్గుతుందో కోడ్ రాసి లెక్కకట్టి గ్రాఫు గియ్యాలి. సరదాకే లెండి, జీతం రాదు.

పిన్నికి చూపిద్దామని బత్తాయి మీద తన స్టిక్కరు బొట్టుబిళ్ళొకటి అంటించి మెల్లగా తిప్పా. "వెనక్కెళ్తే కనపడదుగా" అంది. కరెక్టే, బత్తాయికైతే! ఇక్కడ గురుత్వాకర్షణకి కాంతే వంగిపోతుంది, వెనక నుంచి బయల్దేరిన కిరణం కూడా ఒళ్ళు తిప్పుకుని మన వైపు వచ్చేస్తుంది. 1.4 సూర్యుళ్ళ బరువు, 12 కిలోమీటర్ల వ్యాసార్ధం వేసుకుంటే ఉపరితలంలో దాదాపు ముప్పాతిక భాగం ఒకేసారి కనిపిస్తుంది. బెలోబొరోదోవ్ అనే ఆయన 2002లో దీనికి ఒక్క లైను సూత్రం ఇచ్చాడు, నాలాంటి వాళ్ళకి అదే దిక్కు.

అంతా బానే ఉంది, గ్రాఫు మాత్రం మరీ చక్కగా, రెండు వైపులా ఒకేలా వచ్చింది. అలా రాకూడదు. మచ్చ మన వైపు దూసుకొచ్చేటప్పుడు ఎక్కువ వెలగాలి, దూరం పోయేటప్పుడు తగ్గాలి, అంటే శిఖరం ఓ పక్కకి ఒరగాలి. రెండు రాత్రులు బుర్ర బద్దలుకొట్టుకున్నాక తేలిందేంటంటే, మచ్చ వేగం కట్టేటప్పుడు చుట్టుకొలతకి కావాల్సిన 2π పెట్టడం మర్చిపోయా. పెట్టగానే భూమధ్యరేఖ దగ్గర వేగం సెకనుకి 15,000 కిలోమీటర్లు దాటింది, కాంతి వేగంలో ఐదు శాతం, గ్రాఫు బుద్ధిగా ఒరిగింది. సెకనుకి 716 సార్లు తిరిగేది కూడా ఒకటుంది, దానికైతే నక్షత్రం నడుము దగ్గర ఉబ్బుతుంది కాబట్టి గుండ్రటి బంతి లెక్క చాలదు. దాని జోలికి ఇప్పుడే వెళ్ళను.

"రెండో ధ్రువం ఉంటుందిగా, దానికీ బొట్టు పెట్టవా" అంది పిన్ని. సరిగ్గా అవతలి వైపు అంటించబోయి ఆగా. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీదున్న నైసర్ అనే ఎక్స్‌రే టెలిస్కోపు డేటాతో 2019లో ఇదే నక్షత్రం లెక్క తేల్చినవాళ్ళకి మచ్చలు ఎదురెదురుగా దొరకలేదు, రెండూ కింది అర్ధగోళంలోనే ఉన్నాయి, పైగా ఓ బృందం లెక్కలో ఒకటి నెలవంకలా సాగి ఉంది. కత్తెరడిగి రెండో బిళ్ళని వంకీగా కత్తిరించి కింద అంటించా. పిన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కోడ్‌లో కూడా ఇలాగే పెట్టావా మరి" అంది.

పెట్టలేదు. ఇంకా ఎదురెదురుగానే ఉన్నాయి.