గోడ వదిలిన కాలు
మేడ మెట్లలో చివరిది చూసుకోకుండా దిగి, కుడి చీలమండ బెణికించుకుని నేటికి 2 నెలలైంది. వాపు, నొప్పి 3 వారాల్లో తగ్గాయి గానీ, ఎగుడుదిగుడు నేల మీద అడుగు వేసిన ప్రతిసారీ పాదం మడత పడుతుందేమోనన్న అనుమానం మాత్రం పోలేదు. బెణికినప్పుడు దెబ్బతినేది ఎముకలను కలిపి ఉంచే బయటివైపు లిగమెంటు ఒక్కటే కాదనీ, కీలు ఏ కోణంలో ఉందో మెదడుకు తెలియజేసే వ్యవస్థ కూడా మందగిస్తుందనీ, అందుకే నొప్పి పోయినా కాలి మీద నమ్మకం కుదరదనీ ఫిజియోథెరపిస్టు వివరించి, అడుగున అర్ధగోళం బిగించిన గుండ్రటి చెక్కపలకను నా ముందు పెట్టారు. బ్యాలెన్స్ బోర్డు అంటే అదే.

మొదటి రోజు గోడకు చేతులు ఆనించి, రెండు కాళ్లతో నిలబడినా పలక అంచు టకటకమని నేలను కొడుతూనే ఉంది. 10 సెకన్లు కూడా నిలవలేకపోయాను. పాదం అడుగున, పిక్క పక్కన, ఉన్నాయని కూడా నాకు తెలియని చిన్న కండరాలు సన్నగా వణకడం అప్పుడే గమనించాను. రెండో వారానికి గోడ వదిలాను. నాలుగో వారానికి ఒంటికాలి మీద అరనిమిషం నిలిచాను. కళ్లు మూసుకుంటే మాత్రం ఇప్పటికీ 3 సెకన్లే, ఎందుకంటే అంతవరకూ కాలికి కంటిచూపే ఊతకర్రగా ఉంది.

మా అబ్బాయికి ఇదంతా ఆట. నేను బోర్డు మీద ఉండగా బంతి విసిరి పట్టుకోమంటాడు. నా కాలు నేలకు తగిలితే పాయింటు తనది. ధ్యాస బంతి మీదికి మళ్లినప్పుడే చీలమండ తనంతట తాను సర్దుకోవడం నేర్చుకుంటుందని ఫిజియోథెరపిస్టు కూడా ఈ ఆటను మెచ్చుకున్నారు. నిన్న వాడికి 11, నాకు 7.