మా నాన్న బుల్లెట్, మూడు రకాల ఆయిల్ మరకలు

మా నాన్న బుల్లెట్ 1984 మోడల్. మద్రాసులో తయారైన 350, లెక్క ప్రకారం 346 సీసీ, బోర్ 70, స్ట్రోక్ 90 మిల్లీమీటర్లు. ఆయన నడపడం మానేశాక విజయవాడ పటమటలో మా ఇంటి మెట్ల కింద ఆరేళ్లు పడుంది. పోయినేడు బాగు చేయించి రోడ్డెక్కించాను. ఆ సంబరం సరిగ్గా వారం. ఆ తర్వాత రోజూ పొద్దున్నే వరండా టైల్స్ మీద అరచేయంత నల్ల మరక, దాని మీద సర్ఫ్ చల్లుతూ అమ్మ నా వంక చూసే చూపు.

ఎవరికి చెప్పినా ఒకటే జోకు, బుల్లెట్ కారట్లేదంటే లోపల ఆయిల్ లేదని అర్థం అంటారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ నాకు వెనక రిమ్ము మీద కూడా చుక్కలు కనపడ్డాయి, అవి టైరు మీదకి పాకితే బెంజి సర్కిల్ దగ్గర మలుపులో జోకులు గుర్తురావు.

మొదట ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ప్రైమరీ కవర్ (ఇంజిన్ నుంచి క్లచ్‌కి వెళ్లే చైను మీద ఎడమ వైపు ఉండే మూత) చుట్టూ సిలికాన్ గమ్ము పట్టించి, "ఇంక చుక్క రాదు" అన్నాడు. నాలుగో రోజుకి వచ్చింది. కారడం ఆగలేదు సరికదా, తర్వాత నేను కవర్ విప్పితే ఆ గమ్ము ముక్కలు చైను దగ్గర కూడా కనపడ్డాయి. వాటిని బ్లేడుతో గీకడానికే నాకో ఆదివారం పోయింది. ఆ కవర్‌ని పట్టి ఉంచేది మధ్యలో ఒక్క నట్టు, సీలింగ్ చేసేది చుట్టూ ఉండే రబ్బరు. దానికి గమ్ము అవసరమే లేదు.

ఇక నేనే చూద్దామనుకున్నాను. ఈ బండిలో ఆయిల్ మూడు గదుల్లో ఉంటుంది, ఇంజిన్‌ది వేరు, ప్రైమరీ చైన్‌కేస్‌ది వేరు, గేర్‌బాక్స్‌ది వేరు. కాబట్టి కింద పడింది ఏ గదిదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. గేర్‌బాక్స్‌లో 90 నంబరు ఆయిల్ కాబట్టి వేలికి రాసుకుని వాసన చూస్తే కుళ్లిన వెల్లుల్లి లాంటి కంపు, ఒకసారి చూస్తే ఇక మర్చిపోరు. రిమ్ము మీద చుక్కలు అవే. టైల్స్ మీద మరక మాత్రం నల్లగా పల్చగా ఉంది, అది ఇంజిన్ ఆయిలా ప్రైమరీదా అన్నది తేలలేదు.

ఇంజిన్ కింది భాగమంతా కిరోసిన్, బ్రష్షుతో కడిగి, ఆరాక అమ్మ ఒంటి పౌడరు డబ్బా తెచ్చి ఎడమ వైపంతా చల్లాను. (ఆ డబ్బా గురించి ఇంకో గొడవ, వదిలేయండి.) అలాగే బ్యారేజీ దాటి ఉండవల్లి దాకా వెళ్లొచ్చి టార్చి వేసి చూశాను. బండి కదులుతుంటే గాలి ఆయిల్‌ని వెనక్కి తోస్తుంది కాబట్టి తడి ఎక్కడ ఆగిందో కాదు, ఎక్కడ మొదలైందో చూడాలి. తెల్లటి పౌడరు మీద రెండు చారలు కనపడ్డాయి. ఒకటి ప్రైమరీ కవర్ అంచు నుంచి, ఇంకొకటి వెనక చైను తిరిగే చిన్న స్ప్రాకెట్ (పళ్ల చక్రం) వెనక నుంచి.

రెండోది గేర్‌బాక్స్ సీల్, అంటే షాఫ్ట్ చుట్టూ ఆయిల్‌ని ఆపే రబ్బరు రింగు అని తెలిసిపోయింది. మొదటిదే తిప్పలు పెట్టింది. ప్రైమరీలో నేను పోసింది 400 మిల్లీలీటర్ల చిల్లర. తీసి నీళ్ల బాటిల్‌లో కొలిస్తే 600 దాటింది, పైగా నల్లగా ఉంది. పోసిన దానికన్నా ఎక్కువ వచ్చిందంటే ఆ మిగతాది ఇంజిన్‌లోంచే రావాలి. అంటే ఎడమ వైపు క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) సీల్ పోయి ఇంజిన్ ఆయిల్ ప్రైమరీలోకి దిగుతోంది, అక్కడ నిండి కవర్ అంచుల నుంచి బయటకి వస్తోంది. నేను చూసేది కవర్ లీకు, జబ్బు లోపలెక్కడో.

ఎడమ ఫుట్‌రెస్ట్, బ్రేక్ పెడల్ తీసి, కవర్ విప్పి, ఆల్టర్నేటర్ స్టేటర్, రోటర్ పక్కన పెట్టి, క్లచ్ ప్లేట్లు తీసి, ఆ తర్వాత ఇంజిన్ స్ప్రాకెట్, చైను, క్లచ్ డ్రమ్ము మూడూ కలిపి ఒకేసారి లాగాలి. ఆ చైనుకి లింకు ఉండదు, విడిగా రాదు. పుల్లర్ (బిగుసుకున్న వాటిని బయటకి లాగే పనిముట్టు) లేకుండా స్క్రూడ్రైవర్‌తో పెకిలించకండి, అల్యూమినియం కేసు గాట్లు పడుతుంది. నేను ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గర అద్దెకు తెచ్చుకున్నాను, బాబాయ్ అని పిలిస్తే పలికే మనిషి.

పాత సీల్ పెదవిని, అంటే షాఫ్ట్‌ని తాకే లోపలి అంచుని, గోటితో నొక్కితే వంగలేదు, ప్లాస్టిక్ గాజులా బిగుసుకుపోయింది. దాని మీద ఉన్న మూడు నంబర్లు, అంటే లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం రాసుకుని రెండు సీల్స్ కొనుక్కొచ్చి, బిగించేముందు బాబాయ్‌కి ఫోటో పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"సీల్ సంగతి సరే, అది తిరిగే కాలర్ మీద గోరు పెట్టి గీసి చూశావా?"

చూడలేదు. గీస్తే గోరు టక్కుమని ఆగింది. ఏళ్ల తరబడి సీల్ పెదవి ఒకే చోట రాసుకుని అక్కడ సన్నటి గాడి పడింది.

"చూశావా అబ్బాయ్, కొత్త పెదవి ఆ గాట్లో కూర్చుంటే ఏం ఆపుద్ది?"

కాలర్, అంటే షాఫ్ట్ మీద సీల్ ఆనే ఇనుప తొడుగు కూడా కొత్తది వేశాను. సీల్‌లో స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకి ఉండాలి, షాఫ్ట్ మీది పళ్లకి పెదవి తెగకుండా టేపు చుట్టాలి, పెదవికి కాస్త ఆయిల్ రాయాలి. సీల్ బయటి అంచుకి సరిపోయే పైపు ముక్క పెట్టి నాలుగు వైపులా కొంచెం కొంచెంగా కొట్టాను, ఒక వైపే గట్టిగా కొడితే వంకరగా దిగుతుంది. స్ప్రాకెట్ వెనక గేర్‌బాక్స్ సీల్ కూడా అదే పద్ధతి, గంటలో అయిపోయింది.

మూడు వారాలు ఏమీ లేదు. తర్వాత ప్రైమరీలో ఆయిల్ మట్టం చూసే లెవెల్ స్క్రూ విప్పితే ఆయిల్ మళ్లీ కాస్త ఎక్కువగానే కారింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. బండేసుకుని ఆటోనగర్ పోతే బాబాయ్ సీల్ వైపు చూడనేలేదు. బ్రీదర్ పైపు పీకి, దాని చివర బాతు ముక్కులా ఉండే రబ్బరు వాల్వుని వేళ్లతో నలిపాడు. రెండు పెదవులూ అతుక్కుపోయి ఉన్నాయి. పిస్టన్ కిందకి దిగినప్పుడల్లా దాని కింది గదిలో (క్రాంక్‌కేస్) గాలి నొక్కుకుంటుంది, అది పోయే దారి ఇదే. ఇది మూసుకుంటే ఆ ఒత్తిడి సీల్ మీద పడి ఆయిల్‌ని తోసేస్తుంది, ఎంత కొత్త సీల్ అయినా. ఆ రబ్బరు ముక్క ఖరీదు ఆ రోజు మేం తిన్న పునుగుల బిల్లు కంటే తక్కువ. అన్నిటికంటే ముందు చూడాల్సింది దాన్నే, నేను అన్నిటికంటే ఆఖర్న చూశాను.

ఇప్పుడు నాలుగు నెలలైంది. వెనక రిమ్ము పొడిగా ఉంది, ప్రైమరీలో పోసింది పోసినట్టే ఉంటోంది. బండి కింద అట్టముక్క మాత్రం తీయలేదు. దాని మీద వారానికి రెండు చుక్కలు, కుడి వైపు టాపెట్ కవర్ నుంచి. కొత్త గాస్కెట్ కొని టూల్ కిట్‌లో పెట్టాను, విప్పే ఓపిక ఇంకా రాలేదు.