సౌత్ స్ట్రీట్ మీద టోపీల కొట్టు

శనివారం రాత్రి.

పొద్దున లైనింగు గుడ్డ కోసం ఫిలడెల్ఫియాలోని ఫోర్త్ స్ట్రీట్‌కి వెళ్లాను. బట్టల కొట్లు వరసగా ఉంటాయని దాన్ని ఫ్యాబ్రిక్ రో అంటారు. రెండు జాకెట్లకి సరిపడా కాటనూ, హుక్కులూ కొన్నాక వెంటనే ఇంటికి రాబుద్ధి కాలేదు. పక్కనే సౌత్ స్ట్రీట్, ఒకప్పుడు మే రీవ్స్ అనే ఆవిడ టోపీల కొట్టు ఉన్న వీధి. అటు వెళ్లినప్పుడల్లా కాసేపు నడిచి వస్తాను.

ఆవిడ 1912లో అమెరికా దక్షిణాదిలోని జార్జియా రాష్ట్రంలో పుట్టారు. బడిలో పాఠాలు చెబుతూ, వేసవి సెలవుల్లో షికాగో వెళ్లి టోపీల పని నేర్చుకున్నారు. ఫిలడెల్ఫియా వచ్చాక, 28 ఏళ్ల వయసులో, 500 డాలర్ల బ్యాంకు అప్పుతో సొంత కొట్టు పెట్టారు. ఆ రోజుల్లో ఒక నల్లజాతి ఆడమనిషికి అప్పు పుట్టడమే గొప్ప. 1953లో వెస్ట్ ఫిలడెల్ఫియాకి మారి, 1997 దాకా నడిపారు. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ అంతటి గాయని కూడా ఆవిడ దగ్గరికి వచ్చారు.

నాకు మాత్రం చర్చికి పెట్టుకెళ్లే టోపీ కోసం వచ్చిన టీచరమ్మలూ, ఇళ్లలో పనిచేసుకునేవాళ్లే ఎక్కువ గుర్తొస్తారు. అప్పట్లో దక్షిణాది రాష్ట్రాల పెద్ద కొట్లలో చాలాచోట్ల నల్లవాళ్లు టోపీ కొనుక్కోవచ్చు గానీ, తలకి పెట్టి చూసుకోకూడదు! అక్కణ్ణించి వచ్చిన మనిషి మే రీవ్స్.

టోపీ పని తలుచుకుంటే నా చేతులు ఊరుకోవు. ఫెల్టు అనే మందపాటి ఉన్ని గుడ్డకి ఆవిరి పట్టి, మెత్తబడ్డాక చెక్క అచ్చు మీదికి లాగి, ముడతలు పోయేలా సర్ది, పిన్నులు గుచ్చి ఆరబెడతారు. అంచులో సన్నటి తీగ, లోపల రిబ్బను. పూలూ ఈకలూ ఆ తర్వాతే. తల మీద కుదురుగా నిలవడమంతా కనపడని ఆ లోపలి పనిలోనే ఉంది, మా లైనింగులాగే.

ఆవిడ టోపీలు ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో ఉన్నాయి. 2016 సెప్టెంబరులో మ్యూజియం తెరిచారు, డిసెంబరులో ఆవిడ 104 ఏళ్లకి పోయారు.

మధ్యాహ్నం, తన కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ ఆది జాకెట్టు తెచ్చారు. "దీన్ని చూసి కుట్టెయ్యమ్మా, చాలు" అన్నారు. చంకల దగ్గర రెండువైపులా కుట్లు పిగిలి ఉన్నాయి. దాన్ని పక్కనపెట్టి, ఆవిణ్ణి అద్దం ముందు నిలబెట్టి టేపు తీశాను. ఆ జాకెట్టు కంటే చెయ్యి లూజు ఇంచిన్నర ఎక్కువ వచ్చింది.

"ఇన్నేళ్లూ దీంతోనే సరిపెట్టుకున్నానమ్మా" అన్నారు.

చెయ్యి పైకెత్తమని మళ్లీ కొలిచాను.