కురుసుర మీదుగా ‘ది లైట్‌హౌస్’కి

దీపస్తంభంలో చిక్కుకుపోయిన ఇద్దరు కాపలాదార్ల కథ ‘ది లైట్‌హౌస్’. ఆ సినిమా రాత్రికి. అందుకని సాయంత్రం విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఎక్కాం. (సోమవారం సెలవు.) 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకుని, మరుసటేడు మ్యూజియంగా ఒడ్డుకొచ్చింది. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం తల వంచి, భుజాలు ముడుచుకునే నడవాలి. టార్పెడోల పక్కనే పడకలు. రాత్రికి ఇంతకు మించిన తయారీ అక్కర్లేదు.

బయట మురీ మిక్చర్ పొట్లాలు ముగించి అద్దె హాలుకు చేరాం. 2019 నాటి సినిమా, 109 నిమిషాలు. బొమ్మ దాదాపు చదరం: ఎత్తు 1 అయితే వెడల్పు 1.19. మామూలు 16:9 తెర మీద వెడల్పులో మూడింట రెండొంతులే నిండుతుంది. ప్రొజెక్టర్ ‘ఆటో’లో ఉండి మొదట బొమ్మని సాగదీసేసింది. ‘జూమ్’ పెడితే తలలు తెగాయి. ‘ఒరిజినల్’ పెట్టాక కుదిరింది. గుండ్రటి వస్తువు తెర మీదా గుండ్రంగానే కనబడాలి, కోలగా ఉంటే సెట్టింగు తప్పు. శబ్దం మాటలకు సరిపెట్టి వదిలెయ్యాలి. పొగమంచులో ఓడల్ని హెచ్చరించే బూర మోగినప్పుడల్లా తగ్గిస్తే ఆ పాతకాలపు నావికుల యాస అసలు అందదు. సబ్‌టైటిల్స్ తప్పనిసరి.

అరగంట దాకా అందరూ బుద్ధిగా చూశారు. తర్వాత గుసగుసలు: “ఎన్ని రోజులైందండీ వీళ్లొచ్చి?” తెర మీదివాళ్లకే ఆ లెక్క కుదరదు. వేళ్ల మీద రోజులు లెక్కపెట్టినవాళ్లే ఎక్కువ తికమకపడ్డారు. ఇద్దరు లేచి వెళ్లిపోయారు, తప్పు పట్టలేం. ఒకాయన దీన్ని నిజంగా పాత సినిమా అనుకున్నాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. 35 ఎం.ఎం. నలుపు తెలుపు ఫిల్ముకి ఎరుపుని అడ్డుకునే ఫిల్టర్ వేసి తీశారు. దాంతో ముఖాలు నల్లబడి, ప్రతి మచ్చా పైకి తేలింది.

టీ దగ్గర అసలు ముడి కొంచెం విడింది. 1801లో వేల్స్ తీరాన స్మాల్స్ దీపస్తంభంలో ఇద్దరు కాపలాదార్లు, ఇద్దరి పేరూ థామసే. ఒకడు చనిపోతే, హత్యానేరం నెత్తిన పడుతుందన్న భయంతో రెండోవాడు శవాన్ని దగ్గరే ఉంచుకున్నాడు. ఆ తర్వాతే అక్కడ ముగ్గుర్ని పెట్టడం మొదలైంది. కథ దీనికి నకలు కాదు, విత్తనం ఇది. సినిమాకి ముందే ఇది చెప్పేస్తే జనం శవం కోసమే కాచుకుంటారు. మేం తర్వాత చెప్పడమే మంచిదైంది.

మర్నాడు విశాఖలోనే డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపస్తంభం. నౌకాదళ ప్రాంతం పక్కనే, గుర్తింపు కార్డు దగ్గరుండాలి. లైట్‌హౌస్ వేళలు కనుక్కోకుండా కొండెక్కితే గేటు చూసి దిగాల్సిందే. పైన గాలి హోరుకి పక్కవాళ్ల మాట వినపడదు. రాత్రి శబ్దం తగ్గించమన్నవాళ్లు ఇక్కడ చెవులు మూసుకున్నారు.