ఉప్పుగాలికి నిలిచిన గోడ

విశాఖ వన్‌టౌన్‌లో సెయింట్ అలోషియస్ బడి మాట వస్తే చాలు, అందరూ సీవీ రామన్ గురించే చెబుతారు. చెప్పాల్సిందే. 1892లో వాళ్ల నాన్నగారికి ఏవీఎన్ కాలేజీలో లెక్కలు, ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం వచ్చింది. నాలుగేళ్ల పిల్లాడు అలా విశాఖ వచ్చి, ఈ బళ్లో చదివి పదకొండేళ్లకే మెట్రిక్ పాసైపోయాడు. పాత కట్టడాలకి రిపేర్లు చేయించే పని నాది కాబట్టి నా కళ్లు మాత్రం గోడల మీదే ఉంటాయి.

బడి పెట్టింది 1847లో, ఆనెసీ నుంచి వచ్చిన కేథలిక్ ఫాదర్లు. (ఆనెసీ అంటే ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న ఊరు లెండి.) విశాఖ పోర్టు తెరిచింది 1933లో. అంటే బడి మొదలైనప్పుడు ఓడలు సముద్రంలోనే ఆగేవి, సరుకంతా మసూలా పడవల మీద ఒడ్డుకి చేరేది.

ఆ కాలం గోడల్లో ఇనప చువ్వలుండవు. అందుకే గుమ్మాల మీద, వరండాల్లో అన్ని ఆర్చీలు. చువ్వ లేకుండా బరువు మోయడానికి అదొక మంచి దారి. చూడ్డానికి బాగుండడం తర్వాతి సంగతి. బీచ్‌రోడ్డు అపార్టుమెంట్లలో సన్‌షేడ్లు పెచ్చులూడటానికి కారణమూ ఈ చువ్వలే. ఉప్పు కాంక్రీటులోకి దిగి చువ్వకి తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది.

ఆ కాలం సున్నం గోడ అలా కాదు, చెమ్మ పీల్చుకుంటుంది, ఎండకి వదిలేస్తుంది. ఉప్పు పైపూతలోకి వచ్చి, ఆ పూతనే పొడిపొడిగా రాలుస్తుంది. మళ్లీ పూసుకుంటే సరి, లోపలి గోడ క్షేమం. దాని మీద సిమెంటు కొట్టారా, చెమ్మకి బయటికి దారుండదు. ఇటుకే పిండవుతుంది. పాతూళ్లో ఒక పాత ఇంటికి సరిగ్గా ఇదే జరిగింది. వద్దని నేను మొత్తుకున్నా "సిమెంటైతే స్ట్రాంగు కదండీ" అన్నారు.

ఇప్పుడు డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) పని తెలిసిన తాపీ మేస్త్రీలు దొరకడమే కష్టం. నేను పిలిచే పెద్దాయనది భీమిలి వైపు. కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్లు లేనిదే సున్నం కలపడు. మొన్న ఒక ఓనరుగారు ఆయన్ని ఎన్నేళ్లు గ్యారంటీ అని అడిగారు.

"ఈ గోడ కట్టినోడు మీకేటైనా గేరంటీ ఇచ్చాడేటండీ?" అన్నాడాయన.

పనైతే ఇచ్చారు, ముందు వరండా వరకే.