లారీ మీద 3200 కిలోమీటర్లు వచ్చిన మహావృక్షం

పశ్చిమ ఆస్ట్రేలియా రాజధాని పెర్త్ నగరంలో, స్వాన్ నది ఒడ్డున ఉన్న గుట్ట మీద, కింగ్స్ పార్క్ అనే పెద్ద వనం ఉంది. దాదాపు 400 హెక్టార్ల ఆ వనంలో మూడింట రెండు వంతులు ఇప్పటికీ సహజమైన అడవే. ఒక పక్కన 1965లో ప్రజల కోసం తెరిచిన వృక్షోద్యానం ఉంది. అందులో, స్వాన్, కానింగ్ నదులు కలిసే చోటు కనిపించే ఎత్తు మీద, సుమారు 750 ఏళ్ళ వయస్సు ఉంటుందని అంచనా వేసిన ఒక బోవాబ్ వృక్షం, అంటే లావైన బోదెతో పెరిగే ఆస్ట్రేలియా బావొబాబ్ జాతి చెట్టు, నిలబడి ఉంది. అది అక్కడ మొలిచిన చెట్టు కాదు. 2008 జులైలో, 36 టన్నుల బరువున్న ఆ మానును ఉత్తరాన కింబర్లీ ప్రాంతంలో వేళ్ళతో సహా పైకి తీసి, ట్రెయిలర్ లారీ మీద పడుకోబెట్టి, 3200 కిలోమీటర్లు రోడ్డు మీద తీసుకువచ్చి ఇక్కడ నాటారు. విజయవాడలో రైలెక్కి ఢిల్లీ వెళ్ళి, తిరుగు ప్రయాణంలో మంచిర్యాల దాకా వస్తే ఎంత దూరమవుతుందో, రమారమి అంత దూరం.

గుంటూరులో చాలాకాలం డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన నాకు ఈ చెట్టు సంగతి పత్రికల ద్వారా అప్పుడే తెలుసు. మా అమ్మాయి పెర్త్‌లో స్థిరపడిన తరువాత అది చూడాలన్న కోరిక మరీ బలపడింది. జనవరిలో మేము అక్కడికి చేరిన మర్నాడే అమ్మాయి, "నాన్నా, మీ మనసంతా ఆ చెట్టు మీదే ఉందని నాకు తెలుసు, ముందు అక్కడికే వెళ్దాం, మిగతా ఊరు తరువాత చూడవచ్చు" అని బయలుదేరదీసింది. అక్కడ జనవరి అంటే నడి వేసవి. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి చల్లగాలి మొదలయ్యే దాకా ఎండ మన ఏప్రిల్ ఎండలాగే ఉంది. వనం పొడవునా నీలగిరి జాతి చెట్ల వాసన వేస్తున్నది.

దూరం నుంచి చూసినప్పుడు అది చెట్టులా కనిపించలేదు. మా పల్లెల్లో వెనుకటి రోజుల్లో వడ్లు పోసుకున్న గాదెను నేల మీద నిలబెట్టి, దాని మూతి మీద నాలుగు కొమ్మలు గుచ్చినట్లుగా ఉంది. దగ్గరకు వెళ్ళిన కొద్దీ ఆ బోదెలోని వివరాలు తెలియవచ్చాయి. బెరడు బూడిదరంగులో నున్నగా ఉంది. కొమ్మలు చీలే చోట మాత్రం ముడతలు పడి, ఒకదాని మీద ఒకటి ఒరిగినట్లున్నాయి. ప్రయాణం కోసం నరికిన కొమ్మల మొదళ్ళలో కోత చుట్టూ కొత్త బెరడు అంచు కట్టి, లోపలికి ముడుచుకుంటూ పెరిగింది. వృక్షశాస్త్రం చదివినవారికి ఆ అంచు కంటే మంచి వార్త ఉండదు, ఎందుకంటే లోపల జీవం ఆగిపోయిన మాను గాయాన్ని అలా మూసుకోలేదు. కొత్త రెమ్మలు ఆ కోతల పక్కనుంచే వచ్చాయి. కింద రాలిన ఆకు ఒకటి తీసి చూశాను. ఒకే కాడ చివర అరచేతి వేళ్ళలాగా విచ్చుకున్న ఆకులు, అచ్చం మన బూరుగు ఆకులే. రెండూ ఒకే కుటుంబానికి చెందిన చెట్లు కావడం వల్ల ఆ పోలిక యాదృచ్ఛికం కాదు.

బావొబాబ్ జాతులు మొత్తం మీద ఎనిమిది అని లెక్క. వాటిలో ఆరు మడగాస్కర్ దీవిలో మాత్రమే సహజంగా పెరుగుతాయి, ఒకటి ఆఫ్రికా ఖండంలో, ఒకటి ఆస్ట్రేలియా వాయవ్య భాగంలో. గోల్కొండ నయా ఖిలాలో మనవాళ్ళు చూసే మహాకాయమైన చెట్టు ఆఫ్రికా జాతిది. విద్యార్థులను విజ్ఞానయాత్రకు తీసుకువెళ్ళినప్పుడల్లా దాని చుట్టూ వాళ్ళను చేతులు పట్టుకొని నిలబడమనేవాణ్ణి. పెర్త్‌లోనిది ఆస్ట్రేలియా జాతి. దాని పేరు గిజా జుములు. గిజా అనేది దానిని కానుకగా ఇచ్చిన ప్రజల పేరు, జుములు అనేది ఆ జాతి చెట్టుకు వారి భాషలోని పేరు.

ఆ చెట్టు వార్మన్ అనే ఊరి దగ్గర, టెలిగ్రాఫ్ క్రీక్ అనే వాగు పక్కన ఉండేది. గ్రేట్ నార్తర్న్ హైవే మీద కొత్త వంతెన కట్టవలసి వచ్చి, రహదారి దారిలో ఆ మాను అడ్డం వచ్చింది. ఇంతవరకు కథ మన దగ్గర ప్రతి రోడ్డు విస్తరణలోనూ జరిగేదే. ఆ తరువాతది నన్ను ఆకట్టుకుంది. ఆ నేలకు అనాదిగా హక్కుదారులైన గిజా ప్రజలతో మాట్లాడారు. వారు దానిని కొట్టవద్దని, పెర్త్ ప్రజలకు కానుకగా ఇస్తామని అన్నారు. తమ సంప్రదాయం ప్రకారం క్రతువు జరిపి సాగనంపారు; పెర్త్ నేలకు మూలవాసులైన నూంగార్ ప్రజలు దానికి స్వాగతం పలికారు. అంటే ఆ చెట్టును పీకేయలేదు. ఒకరు ఇచ్చారు, ఒకరు పుచ్చుకున్నారు. ఇచ్చినవారికి దాని క్షేమం అడిగే హక్కు మిగిలింది, పుచ్చుకున్నవారి మీద దానిని బతికించే బాధ్యత పడింది. క్రేన్లు, లారీలు డబ్బుంటే ఎవరికైనా దొరుకుతాయి. ఆ చెట్టు ఇన్నేళ్ళు నిలవడంలో ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి వాటికంటే ఎక్కువ పాత్ర ఉందని నేను నమ్ముతున్నాను.

అలాగని శాస్త్రాన్ని తక్కువ చేయను. బోవాబ్ బోదెలో ఉండేది టేకు, తుమ్మ వంటి గట్టి చేవ కాదు. నీటిని నిలవచేసుకునే మెత్తని పీచు కలప. వానలు లేని నెలల్లో ఆకులన్నీ రాల్చి, ఆ నిలవ మీద అది కాలం గడుపుతుంది. చెట్టును వేళ్ళతో తీసినప్పుడు జరిగే ప్రధానమైన నష్టం పీచువేళ్ళు తెగిపోవడం. ఆకులు నీటిని ఆవిరి చేస్తూనే ఉంటాయి, వేళ్ళు తిరిగి అందించలేవు, దానితో కొద్ది రోజుల్లోనే కొమ్మలు ఎండుముఖం పడతాయి. జులై నెల కింబర్లీలో వానలు లేని చల్లని కాలం. అప్పుడు ఆకు లేని చెట్టుకు నీటి ఖర్చు అతి స్వల్పం. కనుక ఆ నెలలో కదిలించడం చాలా తెలివైన పని.

కష్టమంతా చేరిన తరువాతే మొదలైంది. వార్మన్ భూమధ్యరేఖకు దక్షిణంగా దాదాపు 17 డిగ్రీల దూరంలో ఉంది. మన విజయవాడ ఉత్తరంగా 16.5 డిగ్రీల దగ్గర ఉంది. అంటే ఎండ, ఉక్క, వేసవి చివర విరుచుకుపడే వానల విషయంలో ఆ చెట్టు పుట్టినిల్లు ఇంచుమించు మన వాతావరణానికి అద్దంలోని నీడ వంటిది. పెర్త్ 32 డిగ్రీల దగ్గర ఉంది, అక్కడ వానలు చలికాలంలో, జూన్ నుంచి ఆగస్టు దాకా ఎక్కువగా పడతాయి, వేసవి పొడిగా ఉంటుంది. ఏడు వందల ఏళ్ళకు పైగా వేడిలో నీళ్ళు తాగి చలిలో ఉపవాసం ఉన్న శరీరానికి, ఇక్కడ చలిలో వద్దన్నా నీళ్ళు, వేసవిలో కావాలన్నా దాహం. ఆకులు లేని చలికాలంలో వేళ్ళ దగ్గర తడి నిలిస్తే కుళ్ళు పడుతుంది. కింగ్స్ పార్క్ నేల సున్నపురాతి మీద పరుచుకున్న ఇసుక కావడం, నీరు నిలవకుండా జారిపోవడం ఇక్కడ మేలు చేసే విషయం. ఆకు వేసే వేసవిలో మాత్రం ఆకాశం ఏమీ ఇవ్వదు కాబట్టి మనిషి తోడు కావాలి. నేను చూసినప్పుడు ఆకులు పచ్చగా ఉన్నాయి, కొమ్మల చివర్లలో చిగుళ్ళు ఉన్నాయి. తన స్వస్థలంలో ఉన్న బోవాబ్‌లంత గుబురుగా లేదు. అయినా అది బతుకు వెళ్ళదీస్తున్న చెట్టులా కాక పెరుగుతున్న చెట్టులా కనిపించింది.

750 ఏళ్ళు అన్నది అంచనాయే అయినా, ఆ అంకె నాలో ఒక లెక్కను కదిలించింది. 2008 నుంచి వెనక్కి వెళితే 1258 ప్రాంతం. మన అమరావతి రాజధాని గ్రామాలలో ఒకటైన మల్కాపురంలో ఇప్పటికీ నిలిచి ఉన్న రాతిస్తంభం మీది శాసనం 1261 నాటిది, కాకతి రుద్రమదేవి పాలనాకాలానిది. గోళకీ అనే శైవ మఠానికి, విద్యాలయానికి, ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు చేసిన ఏర్పాట్లు అందులో చెక్కి ఉన్నాయి. శిల్పి ఆ నల్లరాతి మీద ఉలి పెట్టిన రోజుల్లో, సముద్రాలకు అవతల ఆ వాగు ఒడ్డున ఒక బోవాబ్ గింజ మొలకెత్తుతూ ఉండి ఉంటుంది. గుంటూరు ప్రాంతం వాడిగా నాకు రాళ్ళ ప్రయాణం కూడా పరిచయమే: అమరావతి స్తూప శిల్పాలు పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసుకూ లండన్‌కూ తరలిపోయాయి. రాయి ఎక్కడ నిలబెట్టినా రాయిగానే ఉంటుంది, అది పోయిన దుఃఖం మనది మాత్రమే. చెట్టు అలా కాదు. దాని కింది మట్టి, మట్టిలోని శిలీంధ్రాలు, దానికి అలవాటైన రుతువు, రాత్రి పూట దాని తెల్లని పూల దగ్గరకు వచ్చే ప్రాణులు, ఇవన్నీ లారీ ఎక్కవు.

అందుకే గిజా జుములును చూపించి, "చూశారా, ఎంతటి చెట్టునైనా కదిలించవచ్చు" అనేవారితో నేను ఏకీభవించలేను. మన వైపు చెట్లలో మర్రి, రావి, జువ్వి, మేడి వంటివి కదిలించడానికి అనువైనవి. లావుపాటి కొమ్మను నరికినా అవి కొత్త వేరు, కొత్త చిగురు వేయగలవు. తల్లివేరు లోతుగా దిగిన ముదురు చింతకు ఆ అవకాశం చాలా తక్కువ. కదిలించగలిగిన చెట్టుకైనా ఓపిక కావాలి. కొన్ని నెలల ముందే బోదెకు తగిన దూరంలో రెండు పక్కల కందకం తవ్వి, వేళ్ళను పదునైన పనిముట్టుతో కోసి, చివికిన ఎరువు కలిపిన మట్టితో పూడ్చితే అక్కడ పీచువేళ్ళు గుంపుగా పుడతాయి. అప్పుడు మిగిలిన రెండు పక్కల తవ్వాలి. కొమ్మలు తగ్గించి, బోదెకు తడి గోనెపట్టాలు చుట్టి, వేళ్ళ మట్టిముద్ద విడిపోకుండా కట్టి, ఉక్కు తాడుతో కాక వెడల్పు పట్టీలతో ఎత్తాలి. నాటిన తరువాత కనీసం రెండు మూడు వేసవులు పాదులో నీళ్ళు ఆరకుండా చూడాలి, చెదలు పట్టకుండా కనిపెట్టి ఉండాలి.

కొన్నేళ్ళ క్రితం మా పక్క వీధిలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఒక రావిచెట్టును మే నెల మధ్యాహ్నం ప్రొక్లెయిన్‌తో ఒక్క పూటలో లేపి, ఊరి చివర ఒక గుంటలో దించి, ఫోటోలు తీసుకొని వెళ్ళిపోయారు. దానికి మళ్ళీ ట్యాంకరు రాలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కొన్నాళ్ళు బిందెలతో మోశారు. ఆ నెలలో, అంత చిన్న మట్టిముద్దతో, రావికి ఉన్న సహజమైన మొండితనం కూడా దానిని కాపాడలేకపోయింది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు కోపం కంటే బాధ ఎక్కువ కలుగుతుంది, ఎందుకంటే అది బతికే జాతి చెట్టు.

ఇప్పుడు మా కాలనీ పక్కనుంచే మరో రోడ్డు విస్తరణకు కొలతలు తీశారు. ఆ గీతలో ఒక జువ్వి, ఒక పాత చింత పడుతున్నాయి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి కాబట్టి, ఆ అనుమతి దశలోనే కాలనీవాసులమందరం సంతకాలు చేసి ఒక వినతి ఇచ్చాము. జువ్వికి ఈ వానాకాలంలోనే మొదటి కందకం తవ్వి, పై ఏడాది వానలు పడ్డాక కదిలించమని, దాని కొత్త చోటును మా వీధివాళ్ళు ఎంపిక చేసి నీళ్ళ బాధ్యత పేర్లతో సహా రాసి ఇస్తామని అందులో ఉంది. చింతను మాత్రం కదిలించే ప్రయత్నమే చేయవద్దని, దాని దగ్గర రోడ్డును నాలుగు గజాలు పక్కకు జరపమని కోరాము. ఆ వైపు ఖాళీ స్థలం ఉంది, నేనే టేపు పట్టి కొలిచాను. కొలతలు మళ్ళీ తీయడానికి మనుషులను పంపుతామని సమాధానం వచ్చింది. వారు వచ్చే రోజున చింత కొమ్మలు పరుచుకున్న మేరంతా, దాని వేళ్ళు అంతకు మించి కూడా పాకి ఉంటాయి కాబట్టి కనీసం అంతవరకైనా, నేల మీద సున్నంతో గీసి చూపించాలని అనుకున్నాము.